రూజ్ కప్పు మీద పచ్చిక, దాని కింద పికప్

2025 డిసెంబరులో ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 లైట్నింగ్ అనే విద్యుత్ పికప్‌ను (వెనక సరుకు వేసుకునే తొట్టి ఉండే బండి) ఇక తయారు చేయబోనని ప్రకటించింది. విద్యుత్ బండ్ల మీద వేసుకున్న పథకాలను మార్చుకున్నందుకు 1,950 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంటానని కూడా చెప్పింది. ఆ వారమంతా ఇక్కడ మిషిగన్‌లో మనవాళ్లు ఇద్దరు కలిస్తే అదే మాట. కాంటన్, నోవై, ట్రాయ్ లాంటి ఊళ్లలో ఏ తెలుగు ఇంటికి వెళ్లినా ఎవరో ఒకరు కార్ల కంపెనీలోనో, దానికి విడిభాగాలు అందించే కంపెనీలోనో పనిచేస్తుంటారు. కాబట్టి మాకు ఇది పేపర్లో చదివి పక్కన పెట్టే వార్త కాదు, ఇంట్లో టెన్షన్ పెట్టే వార్త.

ఆ కబుర్లలో నాకు రెండు రకాల మాటలు వినిపించాయి. ఒకటి, "ఈ పర్యావరణం గొడవంతా ఉత్తిదేనని తేలిపోయింది, జనానికి కావలసింది పెట్రోలు బండే" అని. రెండోది, "కంపెనీలు చేసే పర్యావరణ పనులన్నీ ప్రచారం కోసమే, మొదటి నుంచీ నాటకమే" అని. వినడానికి ఇవి ఎదురెదురు మాటలే అయినా రెండింటి తర్వాతా ఇక ఆలోచించేదేమీ మిగలదు. నేను రెండింటితోనూ ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకో వివరంగా రాద్దామనే ఈ పోస్టు.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫోర్డ్ చేసిన పర్యావరణ పనుల్లో నిజంగా గొప్పవి ఉన్నాయి. వాటిని నాటకం అనడం ఆ పని చేసినవాళ్లకు అన్యాయం. అయితే ఆ పనులన్నీ కంపెనీకి డబ్బు మిగిలినంత దూరమే వెళ్లాయి. ఎక్కువ లాభం తెచ్చే బండినే తగ్గించుకోవలసిన చోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాయి. అక్కడి నుంచి ముందుకు నడిపించగలిగింది చట్టం ఒక్కటే. ఆ చట్టంలోనే పెద్ద సందు ఉంటే కంపెనీ ఎంత మంచి మనసుతో ఉన్నా ఆ సందులోంచే నడుస్తుంది.

పదెకరాల పచ్చిక

అమ్మానాన్న ఇక్కడికి వచ్చిన వేసవిలో వాళ్లను డియర్‌బోర్న్‌లో ఉన్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్లాం. అక్కడి నుంచి బస్సులో రూజ్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లి చూపిస్తారు. ఒకప్పుడు ఒక వైపు నుంచి ఇనుప ఖనిజం లోపలికి వస్తే ఇంకో వైపు నుంచి కారు బయటికి వెళ్లేదని పేరున్న ఫ్యాక్టరీ అది. 1930ల ప్రాంతంలో అక్కడ లక్షమంది పనిచేసేవారు. ఇప్పుడు అక్కడ ఎఫ్-150 పికప్‌లు తయారవుతున్నాయి.

ముందు ఎత్తైన గదిలోకి తీసుకెళ్లి అద్దాల్లోంచి అసెంబ్లీ భవనం కప్పు చూపిస్తారు. 10.4 ఎకరాల కప్పు, దాని నిండా సీడమ్ మొక్కలు. దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే చిన్న జాతి మొక్కలవి. పలచటి మట్టి పొరలో బతుకుతాయి, మంచు కాలాన్ని కూడా తట్టుకుంటాయి. విలియం మెక్‌డొనో అనే ఆర్కిటెక్ట్ సలహాతో, హెన్రీ ఫోర్డ్ మునిమనవడు బిల్ ఫోర్డ్ పట్టుబట్టి 2003 నాటికి దీన్ని పూర్తి చేయించారు. అప్పట్లో ప్రపంచంలో అంత పెద్ద పచ్చిక కప్పు మరొకటి లేదు.

నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నీరు-మీరు రోజుల్లో ఊరూరా తిరిగి ఇంకుడు గుంతలు తవ్వించిన మనిషి. ఆయన చాలాసేపు ఆ కప్పునే చూసి, "నీళ్లు పడ్డచోటే ఆపారన్నమాట. ఇది కప్పు మీద ఇంకుడు గుంతేనమ్మా" అన్నారు. సరిగ్గా అదే అక్కడ జరిగేది. ఫ్యాక్టరీ కప్పు మీదా పార్కింగ్ స్థలాల మీదా పడిన వాన మామూలుగా అయితే నూనె, మడ్డి అన్నీ కడుక్కుంటూ ఒక్కసారిగా రూజ్ నదిలోకి పోతుంది. ఇక్కడ కప్పు కొంత పీల్చుకుంటుంది. నీరు ఇంకే పేవ్‌మెంటు కొంత పట్టుకుంటుంది. మొక్కలు పెంచిన కాలువలు మిగిలిన నీటిని నెమ్మదిగా వడకట్టి నదికి పంపుతాయి. ఒకప్పుడు కోక్ బట్టీలు ఉండి విషపూరితమైన నేలలో, ఆ విషాన్ని విరగ్గొట్టగల స్థానిక మొక్కలు ఏవో తెలుసుకోవడానికి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లతో కలిసి ప్రయోగాలు కూడా చేశారు.

నాటకం అనేవాళ్లకు నేను ముందు ఈ కప్పు గురించి చెబుతాను. ఇరవై ఏళ్లు దాటినా అది పనిచేస్తూనే ఉంది. ఫోటోల కోసమే వేసిన పచ్చిక అయితే ఇన్ని శీతాకాలాలు దాన్ని కనిపెట్టుకుని ఉండరు.

అయితే దీనికి వెనక ఇంకో కథ ఉంది. 1969 అక్టోబరు 9న ఇదే రూజ్ నది అంటుకుంది. నీటి మీద పేరుకుపోయిన నూనె మీద నిప్పురవ్వ పడి మంటలు లేచాయి. అదే ఏడాది జూన్‌లో పక్క రాష్ట్రం ఒహాయోలో కయహోగా నది కూడా తగలబడింది. అప్పుడు లేచిన జనాగ్రహంలోంచి 1972లో పరిశుభ్ర జలాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కాలక్రమంలో వాననీటిని కూడా శుద్ధి చేసి వదలాలనే నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం రూజ్‌లో నేల కింద పైపులు వేసి, శుద్ధి ప్లాంటు కట్టాలంటే కోట్ల డాలర్ల ఖర్చు. పచ్చిక కప్పు, కాలువలు అంతకన్నా బాగా తక్కువలో అయిపోతాయని మెక్‌డొనో లెక్క వేసి చూపించారు. కంపెనీ బోర్డు ఒప్పుకున్నది ఆ లెక్క చూసే.

దీన్ని తప్పుగా నేను చెప్పడం లేదు. మంచి ఇంజనీరింగ్ అంటే అదే. కానీ చట్టమే లేకపోతే శుద్ధి ప్లాంటు ఖర్చు సున్నా. అప్పుడు దానికన్నా చవకగా పడటానికి పచ్చికకు అవకాశమే ఉండేది కాదు. కంపెనీ స్వచ్ఛందంగా చేసిన పనికి ఎప్పుడూ ముందు చూపించే ఉదాహరణ ఈ కప్పు. దాని పునాది కూడా చట్టంలోనే ఉంది.

లీటరుకు ఎంతిస్తుంది?

కప్పు చూశాక అసెంబ్లీ లైన్ పైన కట్టిన నడవా మీద నుంచి కింద పికప్‌లు తయారవడం చూడొచ్చు. అమ్మ అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్లను చూసి సంతోషపడింది. నాన్న ఒక బండి పొడుగు, ఎత్తు కళ్లతోనే కొలిచి, మన ఊళ్లో ఎవరైనా బండి కొంటే మొదట అడిగే ప్రశ్నే అడిగారు. "లీటరుకు ఎంతిస్తుందమ్మా?"

ఇక్కడ గ్యాలను, మైళ్ల లెక్క. ఇంజన్‌ని బట్టి మారినా పెట్రోలు ఎఫ్-150 సుమారుగా గ్యాలనుకు 20 మైళ్లు ఇస్తుంది. లీటర్లలోకి మారిస్తే ఎనిమిదిన్నర కిలోమీటర్లు. చెప్పాను. "ఒక్క మనిషి ఆఫీసుకు పోవడానికా ఇది?" అన్నారు. కొందరికి పనికోసం, చాలామందికి ఆఫీసుకోసం అన్నాను.

ఇంటికొచ్చాక ఆ లెక్క పూర్తి చేశాను. ఒక పికప్ తన జీవితకాలంలో లక్షన్నర మైళ్లు తిరుగుతుందనుకుందాం. 7,500 గ్యాలన్ల పెట్రోలు అవుతుంది. గ్యాలను పెట్రోలు కాలితే దాదాపు 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క బండి పొగగొట్టం నుంచే సుమారు 67 టన్నులు. 2024లో అమెరికాలో అమ్ముడైన ఎఫ్ సిరీస్ బండ్లు, అంటే ఎఫ్-150, దానికన్నా పెద్ద రకాలు కలిపి, ఏడు లక్షలకు పైనే. అన్నీ ఒకే మైలేజీ ఇవ్వవు, ఇది మోటు లెక్కే. అయినా ఒక్కటి గమనించండి. ఆ ఏడు లక్షల బండ్ల మైలేజీ 20 నుంచి 22కు పెరిగిందనుకుంటే, ఒక్కో బండి మీద ఆరు టన్నులు తగ్గుతుంది. మొత్తం మీద 42 లక్షల టన్నులు. అది ఒక్క ఏడాది అమ్మిన బండ్లదే. గ్యాలనుకు రెండు మైళ్ల తేడాతో వచ్చే మార్పు అది.

కప్పు ఉద్దేశం నది, కార్బన్ కాదు, రెండింటినీ పోల్చడం సరికాదని ఎవరైనా అనొచ్చు. నిజమే. నది బాగుపడటం దానంతట అదే పెద్ద మేలు. నా అభ్యంతరం కప్పు మీద కాదు, దాన్ని ముందు పెట్టి మొత్తం కంపెనీని అంచనా కట్టడం మీద. కార్ల కంపెనీ వల్ల జరిగే నష్టంలో అతి పెద్ద వాటా అమ్మిన బండ్లు రోడ్డు మీద తిరగడం వల్లే. ఫోర్డ్ కూడా తన నివేదికల్లో ఈ మాట దాచదు. అలాంటప్పుడు ఏ కార్ల కంపెనీ నివేదికైనా మొదటి పేజీలో ఉండవలసింది ఆ ఏడాది అమ్మిన బండ్ల సగటు మైలేజీ, సగటు బరువు, అవి పోయిన ఏడాదికన్నా పెరిగాయా తగ్గాయా అన్నది. సోలార్ పలకల ఫోటోలు ఆ తర్వాత.

తుక్కు బాగా నడిచింది, ఎందుకంటే

ఈ పికప్ విషయంలోనే ఫోర్డ్ చేసిన ఇంకో పనిని మెచ్చుకోకుండా ఉండలేను. 2015 మోడల్‌కు ఎఫ్-150 బాడీని ఉక్కు నుంచి అల్యూమినియానికి మార్చారు. కొన్ని రకాల్లో బరువు 700 పౌండ్ల వరకు, అంటే మూడు వందల కిలోలకు పైగా తగ్గింది. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే బండి మీద అలాంటి ప్రయోగం చేయడానికి ధైర్యం కావాలి. "బీరు డబ్బా లోహంతో ట్రక్కా?" అని పోటీదారులు ఎద్దేవా చేశారు. ఫోర్డ్ వెనక్కి తగ్గలేదు.

అల్యూమినియం రేకుల్లోంచి తలుపులు, బానెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలను గాలి గొట్టాలతో పీల్చి, ఏ మిశ్రమ లోహం దానికి వేరు చేసి, మళ్లీ రేకులు చేసే మిల్లుకే పంపిస్తారు. నెలకు రెండు కోట్ల పౌండ్ల వరకు, అంటే దాదాపు తొమ్మిది వేల టన్నులు ఇలా తిరిగి వాడుకుంటున్నామని ఫోర్డ్ చెప్పుకుంది. ఖనిజం నుంచి కొత్తగా అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు ఇరవయ్యో వంతుతోనే తుక్కును కరిగించి వాడుకోవచ్చు. ఫోర్డ్‌కు రేకులిచ్చే కంపెనీల్లో ముఖ్యమైనది నోవెలిస్. దాన్ని 2007లో మన హిండాల్కో కొన్నది. డియర్‌బోర్న్ తుక్కు వెనక భారతీయ యాజమాన్యం ఉందని ఇక్కడ చాలామంది మనవాళ్లకే తెలియదు. 2025 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని నోవెలిస్ ఆస్వీగో మిల్లులో అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఫోర్డ్ పికప్‌ల తయారీకే అంతరాయం వచ్చింది. బంధం అంత దగ్గరిది.

ఈ ఏర్పాటు ఇంత చక్కగా ఎందుకు నడుస్తోంది? అల్యూమినియం తుక్కుకు మంచి ధర ఉంది కాబట్టి. దాన్ని కలగలిపి పడేస్తే విలువ పోతుంది, వేరు చేస్తే మిగులుతుంది. హెన్రీ ఫోర్డ్ కాలంలో కూడా ఇంతే. మిషిగన్ ఉత్తరాన ఆయన రంపపు మిల్లులో మిగిలిన చెక్క ముక్కలతో బొగ్గు ఇటుకలు చేసి అమ్మారు. ఇప్పుడు అమెరికా పెరట్లలో వంటకు వాడే కింగ్స్‌ఫోర్డ్ బొగ్గు అలా పుట్టిందే. వృథాను సహించని గుణం ఆ కంపెనీకి పుట్టుకతో వచ్చింది. పర్యావరణం, పొదుపు ఒకే దారిలో ఉన్నంతవరకు దాన్ని మించినవాళ్లు లేరు.

తుక్కు దాటి గోడ అవతలికి చూస్తే వేరే సంగతి. రూజ్ ఆవరణలో ఉక్కు కర్మాగారం ఇప్పటికీ ఉంది. ఫోర్డ్ తన ఉక్కు వ్యాపారాన్ని 1989లో అమ్మేసింది. చేతులు మారుతూ ఇప్పుడది క్లీవ్‌లాండ్-క్లిఫ్స్ కంపెనీది. దాని పక్కన, యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే సౌత్ ఎండ్ పేటలో పొగ గురించి, దుమ్ము గురించి ఏళ్లుగా ఫిర్యాదులున్నాయి. గాలి కాలుష్య ఉల్లంఘనల మీద కేంద్ర పర్యావరణ సంస్థ ఆ కర్మాగారం యజమానులతో కోర్టు ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది. ఒకప్పుడు ఒకే ఫ్యాక్టరీ, ఒకే పొగ. ఇప్పుడు పచ్చిక కప్పు ఒకరి ఖాతాలో, పొగ ఇంకొకరి ఖాతాలో. చట్టం దృష్టిలో అది సరైనదే. సౌత్ ఎండ్‌లో పిల్లల ఊపిరితిత్తులకు మాత్రం 1989లో ఏమీ మారలేదు.

బిల్ ఫోర్డ్ ఇచ్చిన మాట

ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం 2000 సంవత్సరంలో జరిగింది. ఆ మే నెలలో ఫోర్డ్ విడుదల చేసిన నివేదికలో, తమకు అత్యధిక లాభాలు తెస్తున్న ఎస్‌యూవీలు పర్యావరణానికి హాని చేస్తున్నాయని, గుద్దుకుంటే ఎదుటి బండిలోవాళ్లకు ప్రమాదమని కంపెనీ తానే రాసింది. కార్ల కంపెనీ చరిత్రలో అలాంటి మాట అరుదు. ఆ జూలైలో ఇంకో అడుగు వేసి, 2005 నాటికి తమ ఎస్‌యూవీల మైలేజీ 25 శాతం పెంచుతామని ప్రకటించింది. అప్పుడు కంపెనీ ఛైర్మన్ బిల్ ఫోర్డే. ఆయన చిన్నప్పటి నుంచీ ప్రకృతి ప్రేమికుడని ఆయన విమర్శకులు కూడా ఒప్పుకుంటారు.

తర్వాత ఫోర్డ్ ఎస్‌యూవీలకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల వల్ల దుర్ఘటనలు, నష్టాలు, పోటీ. 2003లో ఆ 25 శాతం మాట నిలబెట్టుకోలేమని కంపెనీ చెప్పేసింది. పచ్చిక కప్పు పూర్తయిన ఏడాదే ఈ మాట నీరుగారిపోయింది. మనిషి అదే, మనసు అదే, కంపెనీ అదే. ఒకటి నెరవేరి ఇంకొకటి ఎందుకు ఆగిపోయింది? కప్పుకోసం ఏ బండి అమ్మకాన్నీ వదులుకోనక్కర్లేదు. మైలేజీ కోసం లాభాల్లో కోత పడాలి. పక్క కంపెనీ ఆ కోత వేసుకోకపోతే వేసుకున్నవాడే నష్టపోతాడు.

అందుకే "మంచి యజమాని వస్తే మారుతుంది" అనే వాదన నాకు నమ్మశక్యంగా లేదు. బిల్ ఫోర్డ్ కన్నా మంచి ఉద్దేశం, ఆయనకన్నా ఎక్కువ అధికారం ఉన్న మనిషి కార్ల పరిశ్రమలో దొరకడం కష్టం. కుటుంబం పేరే కంపెనీ పేరు. ఆయనవల్లే కాలేదు.

జనం అడిగిందే ఇస్తున్నారా?

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు, "జనం పెద్ద బండ్లే అడుగుతున్నారు, కంపెనీ ఏం చేస్తుంది?" అని. దీన్ని తేలిగ్గా కొట్టేయలేను. మా వీధిలో చెట్లు కొట్టే పని చేసే ఆయనకు పికప్ లేకపోతే రోజు గడవదు. కొమ్మలు, యంత్రం, మనుషులు అన్నీ దాంట్లోనే. జనవరిలో అడుగు మంచు పడినప్పుడు ఎత్తైన బండి ఇచ్చే ధైర్యం నాకూ తెలుసు. ఇంకో ఇంటాయనకు పడవ ఉంది, వేసవిలో ఉత్తరాది సరస్సులకు లాక్కెళ్తాడు. విద్యుత్ పికప్ చూసి, పడవ తగిలిస్తే ఛార్జింగ్ సగం దూరానికే అయిపోతుందని పెట్రోలుదే కొన్నాడు. అతని లెక్క తప్పు కాదు.

కానీ కోరిక దానంతట అదే పుట్టదు. 1975లో అమెరికా మొదటిసారి కార్లకు మైలేజీ నిబంధనలు పెట్టినప్పుడు ట్రక్కులకు (పికప్‌లూ ఆ ఖాతాలోవే) వేరే, తేలికైన లెక్క పెట్టింది. రైతులకూ చేతిపనివాళ్లకూ ఇబ్బంది కాకూడదని. ఎస్‌యూవీలు కూడా ఆ ట్రక్కుల ఖాతాలోకే చేరాయి. దానికి తోడు 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం ఉంది. అంటే ట్రక్కు మీద విదేశీ పోటీ తక్కువ, నిబంధన తేలిక, లాభం ఎక్కువ. తర్వాత వచ్చిన లెక్కలో బండి చక్రాల మధ్య వైశాల్యం పెరిగిన కొద్దీ మైలేజీ లక్ష్యం ఇంకా తేలికైంది. చిన్న బండిని మెరుగుపరచడం కన్నా బండిని పెద్దది చేయడం సులువైపోయింది. 2018లో ఫోర్డ్ అమెరికాలో ముస్టాంగ్ తప్ప మిగతా కార్లన్నీ మానేస్తున్నట్టు ప్రకటించింది. కారు కావాలనుకుని ఫోర్డ్ షోరూముకు వెళ్లినవాళ్లకు అక్కడ కారే లేకుండా పోయింది. ఆ తర్వాత వాళ్లు ఎస్‌యూవీ కొంటే అది జనం కోరికగా లెక్కకెక్కింది.

ఫోర్డే దీనికి ఎదురు రుజువు కూడా ఇచ్చింది. 2021లో మావెరిక్ అనే చిన్న పికప్ తెచ్చింది. మామూలు రకమే హైబ్రిడ్, నగరంలో గ్యాలనుకు 40 మైళ్లకు పైగా, ధర ఇరవై వేల డాలర్ల లోపు. దానికోసం జనం క్యూ కట్టారు. ఆర్డర్లు తీసుకోవడం మధ్యలో ఆపవలసి వచ్చింది. 2024లో లక్షా ముప్పై వేలకు పైగా అమ్ముడయ్యాయి. చిన్న ట్రక్కు, మంచి మైలేజీ, అందుబాటు ధర ఇస్తే కొనేవాళ్లున్నారు. అయినా దాని ధర ఏటేటా పెరుగుతూ పోయింది.

ఫోర్డ్‌కు ఇవ్వవలసిన మార్కులు ఇక్కడ ఇవ్వాలి. 2019లో ట్రంప్ ప్రభుత్వం కాలుష్య నిబంధనలు సడలిస్తున్నప్పుడు ఫోర్డ్, హోండా, ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూలతో కలిసి కాలిఫోర్నియా వైపు నిలబడి కఠినమైన నిబంధనలకు ఒప్పుకుంది. జనరల్ మోటార్స్, టొయోటా ఎదుటి పక్షం చేరాయి. ఫోర్డ్ అలా చేసింది మంచితనంతోనే అని నేను అనను. రేపు ఏ నిబంధన ఉంటుందో తెలియకుండా ఫ్యాక్టరీలు కట్టడం ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు. అదే నా వాదనకు బలం. కంపెనీకి కూడా స్థిరమైన చట్టం కావాలి.

లైట్నింగ్ దగ్గర ఏం తప్పింది

2021 మేలో లైట్నింగ్‌ను చూపించినప్పుడు నలభై వేల డాలర్ల లోపు నుంచి మొదలవుతుందన్నారు. రెండు లక్షల మంది దాకా పేర్లు రాయించుకున్నారు. 2022 ఏప్రిల్లో రూజ్‌లోనే కొత్త భవనంలో తయారీ మొదలైంది. 2023 వసంతం వచ్చేసరికి ఆ మొదటి ధర అరవై వేలకు చేరింది. 2024లో అమ్మింది 33,510. ఏడు లక్షల పైచిలుకు ఎఫ్ సిరీస్‌లో అది చిన్న భాగమే. 2025 సెప్టెంబరు ఆఖరుకు విద్యుత్ బండ్ల మీద కేంద్ర పన్ను రాయితీ పోయింది. అదే ఏడాది వచ్చిన చట్టం మైలేజీ నిబంధనలు ఉల్లంఘిస్తే కట్టవలసిన జరిమానాను సున్నా చేసేసింది. నిబంధన కాగితం మీద ఉంది, దానికి పళ్లు లేవు. డిసెంబరు ప్రకటన వీటి తర్వాత వచ్చింది.

రాజకీయాలనే తప్పుపట్టి ఊరుకోవడం కూడా పూర్తి నిజం కాదు. లైట్నింగ్ బరువు రెండు టన్నుల ఏడు వందల కిలోల పైనే. పెద్ద బ్యాటరీ రకంలో 131 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. అంత బ్యాటరీతో రెండు చిన్న విద్యుత్ కార్లు తయారు చేయొచ్చు. పెట్రోలు బండిలో అలవాటైన సైజును అలాగే ఉంచి ఇంజన్ మాత్రం మార్చాలనుకోవడమే దాని ధరకూ, పడవ తగిలిస్తే ఎక్కువ దూరం పోలేని ఇబ్బందికీ మూలం. మా మిషిగన్‌లో మన్రో బొగ్గు విద్యుత్ కేంద్రం ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి ఆ బండిలోకి ఎక్కే కరెంటు కూడా ఇంకా పూర్తిగా శుభ్రమైంది కాదు. 2022లో ఫోర్డ్ స్థానిక విద్యుత్ సంస్థ డీటీఈతో 650 మెగావాట్ల సౌర విద్యుత్తుకు ఒప్పందం చేసుకుంది. మంచి ఒప్పందం అది. అయితే దానితో నడిచేది ఫోర్డ్ ఫ్యాక్టరీలు. రోడ్డు మీద బండ్ల సంగతి వేరే.

ఇప్పుడు ఫోర్డ్ ఆశ పెట్టుకున్నది 2027లో కెంటకీలోని లూయివిల్ నుంచి వస్తుందంటున్న మధ్యరకం విద్యుత్ పికప్ మీద. ధర ముప్పై వేల డాలర్ల చుట్టూ, చిన్న బ్యాటరీ, తక్కువ భాగాలు. కాగితం మీద నాకు ఇది లైట్నింగ్ కన్నా చాలా మంచి పర్యావరణ పని. అది నిజంగా ఆ ధరకు వస్తుందా, వచ్చాక మావెరిక్ లాగా ధర ఎక్కిపోకుండా ఉంటుందా అన్నది చూడాలి. జరిమానా లేని చోట, రాయితీ లేని చోట, పెట్రోలు పికప్ మీద వచ్చే లాభాన్ని కాదని ఆ బండిని నిలబెట్టమని కంపెనీని ఎవరు అడుగుతారు? 2003లో అడిగేవాళ్లు లేకే మాట నీరుగారింది.

ఇదంతా అమెరికా గొడవ కదా అనుకునేవాళ్లకు చివరగా ఒక మాట. భారత్‌లో కార్ల కంపెనీలకు వర్తించే కాఫే నిబంధనల్లో (కంపెనీ అమ్మే బండ్ల సగటు ఇంధన వాడకం మీద పెట్టినవి) కూడా బండి బరువు పెరిగిన కొద్దీ లక్ష్యం తేలికవుతుంది. మూడో దశ నిబంధనలు 2027 ఏప్రిల్ నుంచి రావలసి ఉంది. చిన్న కార్లకు సడలింపు ఇవ్వాలా వద్దా అని కంపెనీలు రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటున్నాయి. చిన్న కార్లకు వేరే సడలింపు అడగాల్సిన పరిస్థితి వచ్చిందంటేనే బరువుకు ఇచ్చే రాయితీ ఎక్కువైందని నా ఉద్దేశం. ఆ రాయితీని వీలైనంత తగ్గించాలి, వీలైతే ఎత్తేయాలి. హైదరాబాద్‌లో మా తమ్ముడితో సహా నాకు తెలిసినవాళ్లంతా ఇప్పుడు ఎస్‌యూవీలే చూస్తున్నారు, షోరూముల్లో ముందు వరసలో ఉన్నవి అవే కాబట్టి. అమెరికా ట్రక్కులకు వదిలిన సందు పూడ్చడానికి యాభై ఏళ్లయినా చేతకావడం లేదు. భారత్‌లో అది ఇంకా చిన్నగానే ఉంది. నిబంధనల ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగినప్పుడు కంపెనీలే కాదు, బండి కొనే మనం కూడా రాయాలి. నేను రాస్తున్నాను.